కారు సెన్సర్ వైరింగ్‌ని మల్టీమీటర్‌తో చూడటం: గోదావరి డెల్టా కార్ల వాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

అమలాపురం నుంచి భీమవరం దాకా ఎవరు ఫోన్ చేసినా ప్రశ్నలు దాదాపు ఇవే. సగం ఫోన్లు "సెన్సర్ మార్చమన్నారండి, మార్చాం, మళ్లీ చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది" అనే మాటతో మొదలవుతాయి. ఉప్పు గాలి, రొయ్యల చెరువుల తేమ, వరద ముంపు, పెరట్లో ఎలుకలు. ఇక్కడ సెన్సర్ కన్నా ముందు పాడయ్యేవి దాని కప్లర్ (వైర్లని సెన్సర్‌కి తగిలించే ప్లగ్గు), దాని ఎర్త్ (బ్యాటరీ నెగటివ్‌కి తిరిగొచ్చే దారి), దాని వైరు. అందుకే ఒకచోట రాసిపెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే అది నేరుగా చదువుకోండి. ఇచ్చిన అంకెలు చాలా బండ్లకి సరిపోతాయి. మీ మోడల్ వైరింగ్ బొమ్మ దొరికితే అందులో ఉన్నదే లెక్క.

## మీటర్ చేతిలోకి తీసుకునే ముందు

చవక పసుపు మీటర్ సరిపోతుందా, మంచిది కొనాలా?

నేర్చుకోవడానికి సరిపోతుంది. బ్యాటరీ, ఫ్యూజులు, తెగిన వైరు చూడటానికి దానితో ఇబ్బంది లేదు. సెన్సర్ సిగ్నల్ చూడాలంటే మాత్రం లోపలి రెసిస్టెన్స్ (కరెంటుకి అడ్డు, ఓమ్స్‌లో కొలుస్తారు) 10 మెగా ఓమ్‌లు ఉన్న మీటర్ కావాలి. చవక రకాల్లో కొన్నింటికి ఒక మెగా ఓమే ఉంటుంది. బలహీనమైన సిగ్నల్ మీద పెడితే ఆ మీటరే కొంత లాగేసుకుని తక్కువ చూపిస్తుంది. కొనేటప్పుడు ఇంకో రెండు చూడండి: మిన్-మ్యాక్స్ బటన్ (వచ్చిన అతి తక్కువ, అతి ఎక్కువ అంకెల్ని పట్టి ఉంచేది) ఉందా, 10 ఆంపియర్ల సాకెట్‌కి లోపల ఫ్యూజు ఉందా. డబ్బులు పెట్టదలిస్తే మీటర్ కన్నా ముందు సన్నటి సూది మొన ప్రోబులకి (మీటర్ వైర్ల చివర చేత్తో పట్టుకుని తాకించేవి) పెట్టండి. లావు ప్రోబుని కప్లర్ పిన్నులో దూర్చి అది వెడల్పయ్యాక, కొత్త సమస్య మీరే తెచ్చుకున్నట్టు.

ప్రోబు పెట్టగానే టప్‌మని నిప్పురవ్వలు వచ్చాయి. ఏం చేశాను?

ఎర్ర వైరు ఆంపియర్ల సాకెట్‌లో ఉండిపోయింది. ఆ సాకెట్‌లో ఉన్నప్పుడు మీటర్ అంటే ఒట్టి తీగ ముక్కే, బ్యాటరీకి ముట్టిస్తే నేరుగా షార్ట్. నేనూ ఒకసారి చేశాను. ప్రోబు మొన కరిగి బ్యాటరీ టెర్మినల్‌కి అతుక్కుంది. ఇప్పుడు ఆ సాకెట్‌కి టేపు వేసేశాను. సెన్సర్ పనిలో ఆంపియర్లు కొలవాల్సిన అవసరం దాదాపు రాదు.

మీటర్ పెట్టకూడని చోట్లు ఏవైనా ఉన్నాయా?

ఎయిర్‌బ్యాగ్ వైర్లు. స్టీరింగ్ కింద, సీట్ల కింద పసుపు రంగు కప్లర్లు కనిపిస్తే చెయ్యి పెట్టకండి. ఓమ్స్‌లో పెట్టినప్పుడు మీటర్ తనే కొంచెం కరెంటు పంపుతుంది, ఎయిర్‌బ్యాగ్ పేలడానికి కారణమయ్యే ప్రమాదం ఉంది. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు కేబుళ్లకి కూడా దూరంగా ఉండండి, అక్కడ ప్రాణం పోయే వోల్టేజీ ఉంటుంది.

స్కానర్‌లో (బండి కంప్యూటర్ వేసిన కోడ్లు చదివే పరికరం) పీ0118 కోడ్ వచ్చింది. టెంపరేచర్ సెన్సర్ పోయినట్టేగా?

కాదు. ఆ కోడ్ చెప్పేది "కూలెంట్ టెంపరేచర్ లైన్‌లో వోల్టేజీ ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉంది" అని మాత్రమే. సెన్సర్ లోపల తెగినా అదే కోడ్, వైరు తెగినా అదే కోడ్, కప్లర్ ఊడినా అదే కోడ్. పీ0117 అయితే వోల్టేజీ తక్కువని, అంటే ఎక్కడో షార్ట్ అయ్యిందని అనుమానం. ఇంజిన్ కంప్యూటర్‌కి కనిపించేది తన పిన్ను దగ్గరికి వచ్చిన వోల్టేజీ ఒక్కటే, మధ్యలో ఏం జరిగిందో దానికి తెలియదు. స్కానర్ వీధి పేరు చెబుతుంది. ఇంటి నంబరు కనుక్కోవాల్సింది మీటర్‌తోనే.

## మొదటి కొలతలు

సెన్సర్ సమస్య అంటుంటే బ్యాటరీ చూడమంటారేంటండి?

రెండు నిమిషాల పని, రెండు రోజుల తిప్పలు తప్పుతాయి. మీటర్‌ని డీసీ వోల్టులు 20 రేంజ్‌లో పెట్టండి. రాత్రంతా ఆగిన బండికి ఉదయం 12.6 దగ్గర ఉంటే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగమే ఉంది. ఇంజిన్ నడుస్తుంటే చాలా బండ్లలో 13.5 నుంచి 14.7 మధ్య ఉంటుంది. సెల్ఫ్ కొట్టేటప్పుడు 9.6 కన్నా కిందికి పడితే ముందు ఆ సంగతి చూడండి. వోల్టేజీ అంత పడినప్పుడు కంప్యూటర్ తడబడి సంబంధం లేని సెన్సర్ల కోడ్లన్నీ వేస్తుంది. ఒక్క బ్యాటరీ బలహీనపడినందుకు మూడు సెన్సర్లు కొన్నవాళ్లు ఉన్నారు.

ఎర్త్ బాగుందో లేదో ఎలా తెలుస్తుంది? కంటికి బాగానే కనిపిస్తోంది.

కంటికి బాగానే కనిపిస్తుంది, బోల్టు కింద తుప్పు ఉంటుంది. దీనికి ఓమ్స్ కాదు, వోల్టులే వాడాలి. నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్ పోల్ మీద, ఎర్ర ప్రోబు ఇంజిన్ మీద శుభ్రమైన లోహానికి. ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.2, 0.3 వోల్టుల లోపు ఉంటే పర్వాలేదు. అర వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ విప్పి, రుద్ది, మళ్లీ బిగించాల్సిందే.

సెన్సర్ ఎర్త్ ఇంకా సున్నితం. కప్లర్ తగిలించే ఉంచి, కీ ఆన్ చేసి, వెనక నుంచి సెన్సర్ ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలవండి. 0.05 వోల్టుల లోపే రావాలి. అక్కడ 0.3 వస్తే సెన్సర్ ఎంత మంచిదైనా కంప్యూటర్‌కి 0.3 కలిపి అబద్ధం చెబుతున్నట్టే. సముద్రం పక్క ఊళ్ల బండ్లలో నాకు ఎక్కువగా దొరికే దొంగ ఇదే. అంతర్వేది వైపు నుంచి వచ్చే బండి అయితే నేను బానెట్ ఎత్తగానే చూసేది ఎర్త్ బోల్టులనే.

## కప్లర్ దగ్గర

మూడు వైర్లున్నాయి. ఏది ఏదో ఎలా గుర్తుపట్టాలి?

కప్లర్ ఊడదీసి, కీ ఆన్ చేసి, ఇంజిన్ ఆపి ఉంచండి. నల్ల ప్రోబు బ్యాటరీ నెగటివ్‌కి. ఎర్ర ప్రోబుతో వైరింగ్ వైపు కప్లర్‌లో ఒక్కో పిన్ను తాకండి. 5 వోల్టులు చూపేది రిఫరెన్స్ సప్లై, అంటే సెన్సర్ పనిచేయడానికి కంప్యూటర్ పంపే వోల్టేజీ. ఇప్పుడు ఎర్ర ప్రోబు బ్యాటరీ పాజిటివ్‌కి మార్చి, నల్ల ప్రోబుతో మిగతావి తాకితే పూర్తి బ్యాటరీ వోల్టేజీ చూపేది ఎర్త్. మిగిలింది సిగ్నల్. చిక్కేమిటంటే కొన్నిట్లో సిగ్నల్ వైరు మీద కూడా కంప్యూటర్ నుంచి 5 వోల్టులు వస్తాయి, రెండు పిన్నుల్లో 5 కనబడి కంగారు పుడుతుంది. అప్పుడు వైరింగ్ బొమ్మ చూడక తప్పదు. వైరు రంగుని బట్టి ఊహించకండి, కంపెనీకో పద్ధతి.

ఒకేసారి నాలుగైదు సెన్సర్ల కోడ్లు వచ్చాయి, యాక్సిలరేటర్ కూడా పనిచేయట్లేదు. అన్నీ ఒక్కసారే పోతాయా?

పోవు. చాలా సెన్సర్లకి 5 వోల్టుల సప్లై ఒకే లైన్ మీద పంచుతారు. ఒక్క సెన్సర్ లోపల షార్ట్ అయినా, ఒక్క వైరు ఒలిచి బాడీకి తగిలినా ఆ లైన్ మీద ఉన్నవన్నీ పడిపోతాయి. పీ0642 లాంటి కోడ్ చెప్పేది ఇదే.

ఏదో ఒక సెన్సర్ సప్లై పిన్ను మీద మీటర్ పెట్టి, 0.4 లాంటి అంకె చూస్తూ, మిగతా సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటే ఊడదీస్తూ రండి. ఏది ఊడదీయగానే అంకె గబుక్కున 5కి లేస్తుందో అదే నేరస్తుడు. ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సర్‌ని మరచిపోకండి. ముందు బంపర్ వెనక, నీళ్లు చిమ్మే చోట ఉంటుంది. చాలా బండ్లలో అదే లైన్ మీద ఉంటుంది, ఎవరూ అనుమానించరు. అన్నీ ఊడదీసినా అంకె లేవకపోతే షార్ట్ వైరింగ్‌లోనే ఉంది.

టెంపరేచర్ సెన్సర్‌ని కొలిచి బాగుందని ఎలా చెప్పాలి?

ఊడదీసి రెండు పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. ఈ సెన్సర్ వేడెక్కే కొద్దీ ఓమ్‌లు తగ్గుతాయి. చాలా రకాల్లో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 30 దగ్గర 1,700, 80 దగ్గర 300 చిల్లర. మన ఉదయాలు చలికాలం తప్ప ఎక్కువగా 25, 30 మధ్యే కాబట్టి చల్లబండికి రెండు వేల అటూ ఇటూ వస్తే సరే.

వైరు సంగతి తేల్చడానికి ఇంకా తేలికైన పద్ధతి ఉంది. స్కానర్ పెట్టి కప్లర్ ఊడదీస్తే ఉష్ణోగ్రత మైనస్ 40 చూపాలి. కప్లర్‌లోని రెండు పిన్నుల్ని చిన్న తీగతో కలిపితే 120 దాటిపోవాలి. రెండూ జరిగితే వైరూ కంప్యూటరూ బాగున్నాయి, సెన్సర్ మార్చండి. జరగకపోతే సెన్సర్ కొనకండి. ఇది రెండు వైర్ల సెన్సర్‌కి మాత్రమే. మూడు వైర్ల కప్లర్‌లో ఇలా తీగ దూర్చితే సప్లైనే షార్ట్ చేసే ప్రమాదం ఉంది.

మ్యాప్ సెన్సర్ (ఇంజిన్ పీల్చే గాలి ప్రెషర్ కొలిచేది) ఎంత చూపాలి?

మనం సముద్ర మట్టానికి దాదాపు సమానంగా ఉన్నాం, కాబట్టి ఈ సెన్సర్ చూడటం మనకి తేలిక. టర్బో లేని పెట్రోల్ బండిలో కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే సిగ్నల్ 4 వోల్టుల పైన ఉండాలి. ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ నడుస్తుంటే) 1 నుంచి 1.5. టర్బో బండ్లకి ఈ అంకెలు వర్తించవు. వాటి సెన్సర్ ఎక్కువ ప్రెషర్ కొలిచేలా చేస్తారు కాబట్టి ఇంజిన్ ఆఫ్‌లో ఇంకా తక్కువ చూపుతుంది.

క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరుగుడు కనిపెట్టేది) రెండుసార్లు మార్చాం. ఇంకా నడుస్తూ ఆగిపోతోంది.

ముందు మీది ఏ రకమో చూడండి. రెండు వైర్లదైతే ఎక్కువగా కాయిల్ రకం. ఓమ్స్‌లో 200 నుంచి 1,500 మధ్య ఎక్కడో ఒకచోట ఉంటుంది, మీ మోడల్‌కి ఎంతో చూసుకోవాలి. ఏసీ వోల్టులలో పెట్టి సెల్ఫ్ కొడితే చిన్న వోల్టేజీ పుట్టాలి. పిన్నుకీ ఇంజిన్ లోహానికీ మధ్య మాత్రం ఏమీ కలవకూడదు. మూడు వైర్లదైతే ఎక్కువగా హాల్ రకం (లోపల అయస్కాంతాన్ని పసిగట్టే చిప్పు ఉన్నది), దాని ఓమ్స్ కొలిస్తే ఏమీ తెలియదు. సప్లై, ఎర్త్ చూసి, కీ ఆన్‌లో క్రాంక్‌ని స్పానర్‌తో మెల్లగా తిప్పుతుంటే సిగ్నల్ కిందికీ పైకీ గెంతాలి.

రెండుసార్లు మార్చిన బండి ఒకటి నా దగ్గరికి వచ్చింది, రొయ్యల చెరువుకి మేత మోసే డీజిల్ బండి. సెన్సర్ కొత్తదే, మిలమిల మెరుస్తోంది. కప్లర్‌లోకి టార్చి వేస్తే మధ్య పిన్ను మీద పచ్చటి చిలుము, తోమని ఇత్తడి బిందె అడుగున పట్టినట్టు. పైగా ఆ ఆడపిన్ను నోరు తెరుచుకుపోయి ఉంది. అంతకుముందు చూసినవాళ్లెవరో లావు ప్రోబు దూర్చారు. వేడెక్కి కదిలినప్పుడల్లా తాకిడి పోతోంది. కొత్త పిన్ను వేయడానికి పట్టింది అరగంట.

ఆక్సిజన్ సెన్సర్‌ని మీటర్‌తో చూడొచ్చా?

కొంతవరకు. నాలుగు వైర్ల మామూలు రకంలో ఒకే రంగున్న రెండు వైర్లు సాధారణంగా హీటర్‌వి, వాటి మధ్య చల్లగా ఉన్నప్పుడు కొద్ది ఓమ్‌లే ఉండాలి. అస్సలు కలవకపోతే హీటర్ తెగింది. ఇంజిన్ వేడెక్కాక సిగ్నల్ 0.1, 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉండాలి. ఐదారు వైర్లున్న వైడ్‌బ్యాండ్ రకాన్ని మీటర్‌తో తేల్చలేరు, స్కానర్ రీడింగ్ చూడండి.

ఏబీఎస్ లైట్ వెలిగింది, చక్రం దగ్గర సెన్సర్‌లో ఓమ్స్ ఏమీ రావట్లేదు. పోయినట్టేనా?

తొందరపడకండి. పాత రకం కాయిల్ సెన్సర్లలో సుమారు ఒక కిలో ఓమ్ వస్తుంది. ఇప్పటి బండ్లలో ఎక్కువగా ఉండే యాక్టివ్ రకంలో (లోపల చిప్పు ఉన్నది) రెండే వైర్లున్నా ఓమ్స్‌కి అర్థం లేదు. దానికి వైరింగ్ వైపు నుంచి సప్లై వస్తోందా లేదా అన్నది చూడండి. రాకపోతే చక్రంతో పాటు తిరిగి తిరిగి, వంగి వంగి తెగే ఆ వైరు ముక్కనే అనుమానించాలి.

## వైరు వెంట వెళ్లినప్పుడు

మీటర్ కుయ్‌మంటోంది, అంటే వైరు రెండు చివర్లూ కలుస్తున్నట్టేగా, అయినా పనిచేయట్లేదు. ఎలా?

కుయ్‌మనడం అంటే వైరు బాగుందని కాదు, ఎక్కడో ఒక పోగు కలిసి ఉందని మాత్రమే. చాలా మీటర్లు ముప్పై, యాభై ఓమ్‌లున్నా అరుస్తాయి. అరుపు వినకండి, అంకె చూడండి. రెండు ప్రోబుల్ని ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెను తీసేస్తే, మంచి వైరుకి ఒక ఓమ్ లోపే మిగలాలి. ఇదంతా బ్యాటరీ తీసి, రెండు చివర్ల కప్లర్లూ ఊడదీశాకే.

పది పోగుల్లో తొమ్మిది తెగి ఒకటి మిగిలినా ఓమ్స్‌లో బాగున్నట్టే కనిపిస్తుంది. హీటర్, ఇంజెక్టర్, పంపు లాంటి ఎక్కువ కరెంటు తాగే వైరైతే ఆ ఒక్క పోగు మోయలేదు. ఆ 12 వోల్టుల సప్లై వైరు చివర 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టి చూడండి. సుమారు ఒకటిన్నర ఆంపియర్ల పైనే లాగుతుంది. నిండుగా వెలిగితే వైరు మంచిది, మిణుకుమంటే దొంగ దొరికినట్టే. ఈ బల్బుని 5 వోల్టుల సెన్సర్ లైన్ మీద గానీ కంప్యూటర్ పిన్నుల మీద గానీ పెట్టారో, కంప్యూటర్ కాలిపోవచ్చు.

నర్సాపురం రేవులో పంటు దిగుతుంటే బండి ఆగుతుంది. షెడ్డుకి తెస్తే మాత్రం బంగారంలా నడుస్తుంది!

కుదుపుకి వదిలేసే తాకిడి అది. షెడ్డులో నిలబెట్టి కొలిస్తే ఏ జన్మకీ దొరకదు. కప్లర్ తగిలించే ఉంచి, వెనక నుంచి సన్నటి పిన్ను జొనిపి సిగ్నల్ మీద మీటర్ పెట్టండి. మిన్-మ్యాక్స్ నొక్కి, ఇంజిన్ నడుస్తుండగా వైరు కట్టని జానెడు జానెడు చొప్పున కదిలిస్తూ రండి. కదిలే బెల్టుకీ ఫ్యాన్‌కీ చేతులు దూరం. గిరుక్కున అంకె పడిపోయినా మీటర్ దాన్ని పట్టి ఉంచుతుంది. బ్రాకెట్ అంచుకి వైరు రాసుకునే చోటు, ఇంజిన్ నుంచి బాడీకి వైరు దాటే చోటు, బ్యాటరీ ట్రే కింద: ఈ మూడూ ముందు చూడండి. అప్పటికీ దొరక్కపోతే మీటర్ వైర్లు బానెట్ సందులోంచి లోపలికి లాగి, పక్క సీట్లో మనిషిని కూర్చోబెట్టి, గుంతల రోడ్డు మీద తిప్పండి.

ఎలుకలు కొరికాయి. కనిపించినవి అతికించాం, ఇంకా కోడ్ వస్తోంది.

కనిపించినవే అతికించారు కాబట్టి. ఎలుక పైన కొరికితే మనకి కనిపిస్తుంది, గొట్టం కింది వైపు కొరికింది కనిపించదు. కోతల తర్వాత గడ్డిమేటు పక్కన నిలబెట్టే బండ్లకి ఇది ఏటా వచ్చే బాధే. కోడ్ వచ్చిన సెన్సర్ వైరుని కంప్యూటర్ కప్లర్ దాకా రెండు చివర్లా కొలవండి, ఆ తర్వాత అదే వైరుకీ బాడీకీ మధ్య, అదే వైరుకీ పక్క వైరుకీ మధ్య కలుస్తోందేమో చూడండి. పొగాకు కాడలు, కలరా ఉండలు పెట్టేవాళ్లున్నారు. నాకు కనిపించినంతలో వాటికి భయపడేది కొత్త ఎలుకే.

వరదలో బండి సీట్ల దాకా మునిగింది. నీళ్లు తగ్గాక ఏం కొలవాలి?

ముందు ఏమీ కొలవద్దు, కీ అసలు తిప్పద్దు. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. తడిలో కరెంటు పారితే పిన్నులు గంటల్లో తినేస్తుంది. 2022 జూలై వరద తర్వాత లంక ఊళ్ల బండ్లలో నేను చూసిందేమిటంటే, నీళ్లలో మునిగినవాటి కన్నా తడి ఆరకముందే సెల్ఫ్ కొట్టినవే ఎక్కువ పాడయ్యాయి.

కప్లర్లు విప్పి, బురద గానీ ఉప్పునీరు గానీ అయితే మంచినీళ్లతో కడిగి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పూర్తిగా ఆరబెట్టండి. ఆరాక కొలిచేటప్పుడు పక్కపక్క పిన్నుల మధ్య ఓమ్స్ చూడండి. కలవకూడని చోట కొన్ని కిలో ఓమ్‌లు కనిపిస్తున్నాయంటే లోపల ఇంకా తడో ఉప్పో ఉంది. నీళ్లు వైరు తొడుగు లోపల రాగి పోగుల వెంట దీపం వత్తికి నూనె ఎక్కినట్టు ఎక్కి, మునగని చోటికి కూడా పోతాయి. ఒక వైరు కోసి చూడండి. పోగులు నల్లబడి ఉంటే మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి కోయాలి. మూడు నెలల తర్వాత వచ్చే సమస్యలన్నీ ఇక్కడి నుంచే.

స్కానర్ బండితో మాట్లాడనే మాట్లాడట్లేదు. మీటర్ పనికొస్తుందా?

పనికొస్తుంది. డాష్‌బోర్డు కింద స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నులో బ్యాటరీ వోల్టేజీ, 4, 5 పిన్నుల్లో ఎర్త్ ఉండాలి. చాలాసార్లు ఫ్యూజు పోయి 16లో ఏమీ ఉండదు, అంతటితో కథ ముగుస్తుంది. అవి ఉంటే బ్యాటరీ తీసి కాసేపు ఆగి, కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైన్ ఉన్న 6కీ 14కీ మధ్య ఓమ్స్ చూడండి. సాధారణంగా 60 దగ్గర రావాలి. 120 వస్తే ఆ లైన్ ఒకచోట తెగింది, సున్నా దగ్గర వస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి.

## బాగుచేసేటప్పుడు

వైరుకి సూదితో పొడిచి చూడొచ్చా?

పొడవకుండా ఉండటమే మంచిది. మన తేమలో ఆ సూది బెజ్జం ఒక వర్షాకాలం చాలు, లోపల చిలుము పట్టడానికి. కప్లర్ వెనక రబ్బరు పక్కనుంచి పిన్ను జొనపండి. తప్పక పొడిస్తే వెంటనే లిక్విడ్ టేపుతో మూసేయండి.

అతుకు ఎలా వేస్తే నిలుస్తుంది?

మెలిపెట్టి టేపు చుడితే నిలవదు. మే నెల ఎండకి టేపు జిగురు కారి, జూలైలో ఆ సందులోంచి నీళ్లు పోతాయి. మంచి క్రింపు స్లీవు గానీ టంకం గానీ వేసి, లోపల జిగురుండి వేడికి బిగుసుకునే హీట్ ష్రింక్ గొట్టం ఎక్కించండి. టంకానికి యాసిడ్ ఫ్లక్స్ వద్దు, రోజిన్ ఫ్లక్స్ చాలు. వైర్లు పక్కపక్కనే ఉంటే అతుకులన్నీ ఒకేచోట రాకుండా ముందూ వెనకా వేయండి. క్రాంక్ సెన్సర్‌కి మెలి తిప్పిన జంట వైర్లు గానీ, వల చుట్టిన వైరు గానీ ఉంటే అతికాక కూడా ఆ మెలికా ఆ వలా అలాగే ఉండాలి. లేకపోతే పక్క వైర్ల గోల సిగ్నల్‌లో కలుస్తుంది. అతుకు వేలాడే వైరుకి అడుగున రాకూడదు, నీటి చుక్క వచ్చి ఆగేది అక్కడే.

చిలుము పట్టిన కప్లర్‌ని ఉప్పుకాగితంతో రుద్దొచ్చా?

పిన్నుల మీద పలచటి తగరం పూత ఉంటుంది, కొన్నిటికి బంగారు పూత కూడా. ఉప్పుకాగితం దాన్ని లేపేస్తుంది, ఆ తర్వాత చిలుము ఇంకా తొందరగా పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్, మెత్తటి బ్రష్ చాలు. అప్పటికీ పోకపోతే పిన్నే మార్చండి. ఆరాక రబ్బరు సీలుకి పలచగా డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వనిది) రాయండి. మామూలు బేరింగ్ గ్రీజు కుక్కకండి.

బాగైందని ఎప్పుడు నమ్మాలి?

కోడ్ చెరిపి, ఏ పరిస్థితిలో సమస్య వచ్చేదో అదే పరిస్థితిలో నడిపాక. ఉదయం మంచులో వచ్చేదైతే మర్నాడు ఉదయమే చూడాలి, మధ్యాహ్నం తిప్పి చూస్తే తేలదు. ఆ రోజు తీసిన అంకెలు కూడా బండి పుస్తకంలో వెనక అట్ట మీద రాసుకోండి. నా సొంత బండి అట్ట మీద ఉన్నవి ఇవి: "కీ ఆన్, ఇంజిన్ ఆఫ్, మ్యాప్ 4.6. చల్లబండి, టెంపరేచర్ 1.9 కిలో ఓమ్. సెల్ఫ్‌లో ఎర్త్ 0.11." కిందటి వానాకాలం ఆ చివరి అంకె 0.48 అయ్యింది, గేర్‌బాక్స్ మీద ఎర్త్ బోల్టు విప్పితే కింద వాషర్ సగమే మిగిలి ఉంది.